పేరు ఉంది, విలువ లేదు

“వచ్చారా?” అని ఇంట్లో ఒకరు అడిగితే, “ఎవరు?” అని రెండవవారు ఎదురు ప్రశ్న వేయరు. సాయంకాలం రావలసిన బంధువులెవరో ఇంటిల్లిపాదికీ తెలుసు. తెలుగు వాక్యంలో కర్త కనబడకపోవడం లోపం కాదు. క్రియ చివరనున్న ప్రత్యయమూ, వినేవారి ఎరుకా కలిసి ఆ ఖాళీని పూరిస్తాయి. తెలుగు నుంచి ఇంగ్లీషులోకి అనువదించేవారికి ఇది నిత్యానుభవం. తెలుగులో హాయిగా వదిలివేసిన మాటను వెదికి తెచ్చి ఇంగ్లీషు వాక్యంలో నిలబెట్టవలసి ఉంటుంది. మనుషుల మధ్య ఈ మౌనం చెల్లుతుంది. కంప్యూటరు దగ్గర చెల్లదు. చెప్పని మాటను అది ఊహించదు. తనకు అర్థం కాలేదని చెప్పదు కూడా. అక్కడ ఏమీ లేదనే భావించి, తక్కిన వాక్యాన్ని తు.చ. తప్పకుండా అమలు జరుపుతుంది.

ఈ స్వభావం మూలంగా రాత్రిళ్ళు నిద్ర పోగొట్టుకునే వృత్తి ఒకటి ఉన్నది. బ్యాంకులలో, బీమా సంస్థలలో, టెలిఫోన్ కంపెనీలలో పగలంతా నమోదైన లెక్కలు వేర్వేరు యంత్రాలలో వేర్వేరు రూపాలలో పడి ఉంటాయి. అర్ధరాత్రి దాటాక వాటిని ఒకచోటికి చేర్చి, తప్పులు ఏరి, ఒకే రూపంలోకి మార్చి, పెద్ద భాండాగారంలో భద్రపరుస్తారు. దీనిని డేటా ఇంటిగ్రేషన్ అంటారు. ఇందులో ఒక్కొక్క పనికి జాబ్ అని పేరు. ఒక పని ముగిసిన తరువాత మరొకటి మొదలయ్యేటట్లు వాటిని గొలుసుగా కూర్చితే అది జాబ్ సీక్వెన్స్. తెల్లవారి మేనేజరు బల్ల మీదకు వచ్చే నివేదిక ఈ గొలుసు చివరి కొక్కెం నుంచి వేలాడుతూ ఉంటుంది.

ఈ పనికి ఉపయోగించే సాఫ్ట్‌వేర్లలో డేటాస్టేజ్ ఒకటి. అది 1990ల నడుమ అమెరికాలో పుట్టి, యజమానులను మారుస్తూ వచ్చింది. 2000లో ఇన్ఫర్మిక్స్ చేతికి, ఆ మరుసటి సంవత్సరం అసెన్షియల్ అనే కొత్త పేరు కిందికి, 2005లో ఐబీఎం చేతికి చేరింది. ఈ మార్పులన్నీ జరుగుతున్న కాలంలోనే హైదరాబాదులో అమీర్‌పేట మైత్రీవనం పరిసరాలలోని శిక్షణ కేంద్రాలలో తెలుగు యువతీ యువకులు బారులు తీరి డేటాస్టేజ్, ఇన్ఫర్మాటికా వంటివి నేర్చుకొన్నారు. వారిలో ఎందరో ఇతర దేశాల కంపెనీల రాత్రి పనులను హైదరాబాదులోనూ, బెంగళూరులోనూ, అమెరికాలోనూ కూర్చుని కనిపెట్టి చూసుకునే ఉద్యోగాలలో కుదురుకున్నారు. అందుచేత ఈ ఖాళీ విలువ కథలో తెలుగువారికి కొంత వాటా ఉన్నదనే చెప్పాలి.

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అన్నది వినడానికి బరువైన మాట. బడిలో బీజగణితంలో చదివిన చరరాశి లాంటిదే ఇది. ఒక పేరు, ఆ పేరు వెనుక ఒక విలువ. ఫైళ్ళు ఏ ఫోల్డరులో ఉన్నాయి, ఏ డేటాబేసును అడగాలి, ఈ రాత్రి ఏ తేదీ లెక్కలు తీయాలి అన్న వివరాలను ప్రతి జాబులోనూ విడివిడిగా వ్రాయకుండా, యంత్రపు పరిసరాలలో ఒకచోట వ్రాసి ఉంచుతారు. జాబు ఆ పేరును తలచుకుంటుంది, విలువ దానికి లభిస్తుంది. అభివృద్ధి చేసే యంత్రంలో ఒక విలువ, అసలు పని జరిగే యంత్రంలో మరొక విలువ. జాబు మాత్రం అదే. ఏర్పాటు ముచ్చటైనదే.

ఈ పద్ధతి ప్రపంచానికి పరిచయమైనది 1979లో. బెల్ ప్రయోగశాలల నుంచి వెలువడిన యునిక్స్ ఏడవ కూర్పు, దానితోపాటు స్టీఫెన్ బోర్న్ వ్రాసిన షెల్ దీనికి పునాదులు. నడిచే ప్రతి ప్రోగ్రామూ తాను పుట్టించే ప్రోగ్రాముకు తన పరిసరాల నకలు ఒకటి అందజేస్తుంది. అసలు కాగితం తండ్రి దగ్గరే ఉండిపోతుంది. బిడ్డ తన నకలులో ఎన్ని దిద్దుబాట్లు చేసుకున్నా తండ్రి కాగితం మారదు. బిడ్డ పుట్టిన తరువాత తండ్రి చేసిన మార్పు బిడ్డకు తెలియదు. ఇంకొక నియమం ఉన్నది. తండ్రి తనకోసం పెట్టుకున్న విలువ తనంత తానుగా బిడ్డకు సంక్రమించదు. స్వార్జితాన్ని ఫలానావారికి చెందాలని వ్రాసిపెట్టినట్లు, ఎక్స్‌పోర్ట్ అనే ఆజ్ఞతో దానిని ప్రత్యేకంగా అప్పగించాలి. ఖాళీ విలువల తగాదాలలో చాలా భాగం ఈ వారసత్వపు తగాదాలే.

ఇక ఖాళీ అన్నది కూడా ఒకటి కాదు. పూర్వపు తెలుగు పుస్తకాలలో అరసున్న ఉండేది. చాలా కాలంగా దానిని ఎవరూ పలకడం లేదు. అయినా పుటమీద దానికొక చోటు ఉండేది, ఒకప్పుడు అక్కడ ఒక ధ్వని ఉన్నదని చెప్పేది. తరువాత అచ్చులోంచి కూడా తొలగిపోయింది. పలకకుండా నిలిచి ఉండడం వేరు, నిలిచి ఉండకపోవడమే వేరు. షెల్లుకు ఈ భేదం తెలుసు. ఒక వేరియబుల్‌ను ఎవరూ ఎన్నడూ నిర్వచించకపోవడం ఒక స్థితి. నిర్వచించి అందులో ఏమీ వేయకపోవడం మరొక స్థితి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టాలా, విడదీయాలా అన్నది షెల్ భాషలో ఒక్క కోలన్ గుర్తు మీద ఆధారపడి ఉంటుంది. ఆ రెండు చుక్కలు ఉంటే రెండూ ఒకటే; లేకపోతే వేర్వేరు. ఇది కాక మూడవ రకం ఉన్నది: ఎవరో పొరపాటున స్పేస్ మీట నొక్కి పోయిన చోటు. చూపుకు ఖాళీ, యంత్రానికి ఖాళీ కాదు. అనుభవజ్ఞులు విలువను లాగ్‌లో అచ్చువేసేటప్పుడు అటూ ఇటూ చదరపు బ్రాకెట్లు పెట్టేది ఇందుకే. బ్రాకెట్లు రెండూ ఆనుకొని ఉంటే ఒక సంగతి, మధ్య సందు ఉంటే మరొక సంగతి.

ఖాళీ విలువ వచ్చినప్పుడు జరిగే చెరుపు దానిని వాడిన చోటునుబట్టి ఉంటుంది. ఫోల్డరు పేరు ఖాళీ అయితే సాధారణంగా అదృష్టమే. వెదికిన చోట ఫైలు దొరకదు, జాబు ఎర్రబడి ఆగిపోతుంది, ఫోను మోగుతుంది. తేదీ ఖాళీ అయితేనే కష్టం. ఒరాకిల్ డేటాబేసు ఖాళీ అక్షరమాలను నల్‌గా, అంటే విలువ తెలియనిదిగా, పరిగణిస్తుంది. తెలియని తేదీతో ఏ తేదీ కూడా సమానం కాజాలదు గనుక అది ఒక్క వరుసను కూడా ఇవ్వదు. తప్పు జరిగిందని చెప్పదు. పోస్ట్‌గ్రెస్ ఇది తేదీ కాదని ముఖం మీదే చెప్పి నిరాకరిస్తుంది. మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్ రూటే వేరు: ఖాళీ మాటను తేదీగా మార్చమంటే 1900 జనవరి 1 అని చదువుకుంటుంది. ఒకే ఖాళీకి మూడు అనువాదాలు! వీటిలో మోటుగా కనబడే రెండవదే నిజాయితీ గలదని ఒప్పుకోక తప్పదు.

పింఛనుదారుల జాబితాను ప్రతి రాత్రీ కొత్తగా నింపే ఒక సీక్వెన్స్‌ను ఊహించుకోండి. మొదటి జాబు నిన్నటి పట్టికను తుడిచివేస్తుంది. రెండవది ఈనాటి తేదీ వేరియబుల్‌ను చదివి, ఆ తేదీ వరుసలను తెచ్చి నింపుతుంది. మూడవది ఆ పట్టికనుబట్టి చెల్లింపుల ఫైలు తయారుచేస్తుంది. తేదీ ఖాళీగా వచ్చింది. తుడవడం సక్రమంగా జరిగింది. తేవడం కూడా సక్రమంగానే జరిగింది, సున్నా వరుసలు. సున్నా వరుసలను నింపడంలో ఏ పొరపాటుకూ తావు లేదు. చెల్లింపుల ఫైలు తయారైంది. అందులో శీర్షిక ఉన్నది, అడుగున మొత్తం సున్నా అని ఉన్నది. తెర మీద గీతలన్నీ పచ్చగా ఉన్నాయి. మొదటి తేదీన బ్యాంకు మెట్లెక్కి వచ్చి పాసు పుస్తకం చాపిన వృద్ధునికి మాత్రమే ఏదో జరిగిందని తెలుస్తుంది.

అంతదాకా రాకుండా రాత్రి విధిలో ఉన్నవారెవరో వరుసల సంఖ్య చూస్తారు. అప్పుడు నడిచే సంభాషణ ఇంచుమించు ఇలా ఉంటుంది.

“అన్నా, సీక్వెన్స్ ఆగలేదు. అంతా పచ్చగానే ఉంది. కానీ వచ్చిన వరుసలు సున్నా.”

“తేదీ ఎంత తీసుకుంది?”

“తీసుకోలేదన్నా. లాగ్‌లో పేరు ఉంది, పక్కన ఈజ్ ఈక్వల్ టు గుర్తు ఉంది, ఆ తరువాత ఏమీ లేదు.”

“నువ్వు చేత్తో నడిపి చూశావా?”

“చూశాను. నేను నడిపితే సరిగానే వస్తోందన్నా. అదే అర్థం కావడం లేదు.”

“అర్థం కాకపోవడమేమిటి, సగం జవాబు చెప్పావు గదా!”

అవతలి వ్యక్తి అన్న మాట నిజమే. మనిషి నడిపితే పనిచేసి, గడియారం నడిపితే పనిచేయని జాబులో తప్పు జాబుది కాదు, పరిసరాలది. మనిషి లాగిన్ అయినప్పుడు అతని ప్రొఫైల్ ఫైలు చదవబడుతుంది; అందులో వ్రాసుకున్న విలువలన్నీ అతని వెంట వస్తాయి. నిర్ణీత వేళకు పనులు ప్రారంభించే క్రాన్ అనే సేవకుడు ఎవరి ప్రొఫైల్‌నూ చదవడు. రెండు మూడు ప్రాథమిక విలువలు మాత్రం చేతబట్టుకొని బయలుదేరుతాడు. కాబట్టి మొదట తేల్చుకోవలసినది ఈ జాబు ఎవరి పేర నడుస్తున్నది, ఎవరు దానికి తండ్రి అన్న సంగతి. తెలియనివారు జాబును విప్పి మరమ్మతు చేయబోతారు, గంటలు గడిచిపోతాయి. తెలిసినవారు లాగ్‌లో తొలి పద్దులను తెరుస్తారు. డేటాస్టేజ్ ప్రతి జాబు ఆరంభంలోనూ తనకు సంక్రమించిన పరిసరాల జాబితాను అక్కడ వ్రాసిపెడుతుంది. చేత్తో నడిపిన నాటి జాబితానూ, రాత్రి నడిచిన నాటి జాబితానూ పక్కపక్కన పెట్టి, మూలాన్నీ అనువాదాన్నీ పోల్చినట్లు వరుసవరుసగా చూస్తే జారిపోయిన మాట దొరుకుతుంది.

దొరికినది జాబితాలో అసలు లేని పేరైతే, వెదకవలసిన చోట్లు కొన్నే. డేటాస్టేజ్ ఇంజనుకు డీఎస్‌ఎన్వ్ అనే ఫైలు ఉన్నది. ఇంజను మేల్కొనే సమయంలో ఈ ఫైలును చదువుతుంది. దాని సంతానంగా పుట్టే జాబులన్నిటికీ ఆ విలువలు చేరుతాయి. ఎవరో మధ్యాహ్నం ఆ ఫైలులో కొత్త పంక్తి చేర్చి, పని అయిపోయిందనుకొని ఇంటికి వెళ్ళిపోతారు. ఫైలు మారింది, నడుస్తున్న ఇంజను మారలేదు. దానిని ఆపి మళ్ళీ ప్రారంభించేదాకా కొత్త విలువ ఎవరికీ అందదు. ఆ పంక్తిలో విలువ వ్రాసి ఎక్స్‌పోర్ట్ చేయడం మరచినా ఫలితం ఇంతే. పేరులో పెద్దక్షరం బదులు చిన్నక్షరం పడినా యునిక్స్ దానిని వేరే పేరుగానే చూస్తుంది. మరొక తరచు కారణం ఊరు మారడం. జాబును ఒక ప్రాజెక్టు నుంచి మరొక ప్రాజెక్టుకు తరలించినప్పుడు, పాత ప్రాజెక్టులో నిర్వచించిన వేరియబుళ్ళు దాని వెంట ప్రయాణం చేయవు. కొత్తచోట వాటిని వేరుగా సృష్టించాలి.

అన్నిటికంటె చిక్కైనది పేరు ఉండి విలువ లేని స్థితి. ఒక వేరియబుల్‌ను జాబుకు పెరామీటరుగా చేర్చుకున్నప్పుడు, ఆ క్షణంలో ప్రాజెక్టులో ఉన్న విలువ అందులోకి నకలవుతుంది. ఆనాడు అక్కడ ఖాళీ ఉంటే, నకలైనది ఆ ఖాళీయే. తరువాత ప్రాజెక్టులో ఎంత చక్కని విలువ నింపినా జాబు తన పాత ఖాళీనే పట్టుకొని ఉంటుంది. దీనికి విరుగుడుగా విలువ వ్రాసే చోట డాలర్ గుర్తుతో ప్రోజ్‌డెఫ్ అనే మాట ఉంచుతారు. నడిచే సమయంలో ప్రాజెక్టును అడిగి తెచ్చుకో అని దాని భావం. డాలర్ ఎన్వ్ అంటే చుట్టూ ఉన్న పరిసరాలను అడుగు అని. డాలర్ అన్‌సెట్ అంటే ఆ పేరునే చెరిపివేయి అని. ఈ మూడూ జాబితాలో పక్కపక్కనే ఉంటాయి. సీక్వెన్స్ తన దగ్గర విలువ ఉంచుకొని దానిని కింది జాబుకు అందజేయకపోవడమూ కద్దు. గొలుసులో ప్రతి కొక్కేనికీ విలువను చేతికందించాలి, ఒకచోట మానితే అక్కడినుంచి కిందంతా ఖాళీయే. దీనికి తలకిందులైన వింత కూడా ఒకటి ఉన్నది. షెల్ ఆజ్ఞ నడిపి దాని జవాబును విలువగా తీసుకున్నప్పుడు చివర కంటికి కనబడని పంక్తి ముగింపు గుర్తు ఒకటి అంటుకొని వస్తుంది. లాగ్‌లో విలువ నిండుగా, ముచ్చటగా కనబడుతుంది. ఆ పేరుగల ఫైలు మాత్రం ఎక్కడా ఉండదు.

ఇదంతా ఉద్యోగుల నిద్రకు సంబంధించిన చిన్న ముచ్చటగా తోచవచ్చు. 2015 జనవరిలో స్టీమ్ అనే ఆటల సాఫ్ట్‌వేరును లినక్స్ యంత్రాలలో వాడేవారికి అలా తోచలేదు. వాల్వ్ కంపెనీ వ్రాసిన ఆ ప్రోగ్రాములో, తాను ఉన్న ఫోల్డరు పేరు ఒక వేరియబుల్‌లో ఉంచుకొని, ఆ ఫోల్డరు కింద ఉన్న సమస్తాన్నీ చెరిపివేసే పంక్తి ఒకటి ఉండేది. ఒకరు తమ ఫోల్డరును వేరేచోటికి మార్చుకున్నారు. వేరియబుల్ ఖాళీ అయింది. ఫోల్డరు పేరు పోగా మిగిలినది ఏటవాలు గీత ఒక్కటే. యునిక్స్ లోకంలో దాని అర్థం మొత్తం యంత్రం. ఆ మనిషి సొంత ఫైళ్ళే కాక, భద్రత కోసం తగిలించి ఉంచిన బయటి డిస్కులోనివి కూడా తుడిచిపెట్టుకు పోయాయి. ఆ పంక్తి పైన దానిని వ్రాసిన ప్రోగ్రామరు తన భయాన్ని ఒక్క మాటలో నమోదు చేసి ఉంచడం విశేషం. భయపడ్డాడు, వ్యాఖ్య వ్రాశాడు, పరీక్ష మాత్రం పెట్టలేదు.

అంతకంటె పెద్ద సంఘటన జపానులో క్యోటో విశ్వవిద్యాలయంలో జరిగింది. అక్కడి సూపర్ కంప్యూటరులో పాత లాగ్ ఫైళ్ళను ఏరివేసే బ్యాకప్ స్క్రిప్టు ఒకటి ఉండేది. యంత్రాన్ని సరఫరా చేసిన కంపెనీవారు ఆ స్క్రిప్టును మెరుగుపరిచారు. చదివేవారికి సుబోధకంగా ఉండాలని అందులోని వేరియబుళ్ళ పేర్లు మార్చారు. ఉద్దేశం మంచిదే! అయితే పాత స్క్రిప్టు నడుస్తుండగానే కొత్తదానిని దాని స్థానంలో ఉంచారు. బాష్ అనే షెల్ స్క్రిప్టు మొత్తాన్ని ముందే చదివి పెట్టుకోదు. నడుస్తూ నడుస్తూ ముందు పంక్తులను చదువుకుంటుంది. సగం దూరం పాత పాఠంతో వచ్చి, అక్కడినుంచి కొత్త పాఠంలో అడుగుపెట్టింది. కొత్త పాఠం పిలిచిన పేర్లను పాత పాఠం ఎన్నడూ నిర్వచించలేదు. ధారావాహిక నవల నడుమ పాత్రల పేర్లు మార్చివేస్తే పాఠకుడు తికమక పడి పత్రికకు ఉత్తరం వ్రాస్తాడు. బాష్ ఉత్తరం వ్రాయలేదు. లాగ్ ఫోల్డరు పేరు ఉండవలసిన చోట ఏమీ లేకపోవడంతో పరిశోధకుల అసలు ఫైళ్ళను చెరపడం ఆరంభించింది. 2021 డిసెంబరు 14 నుంచి 16 వరకు సుమారు 77 టెరాబైట్ల సమాచారం, ఇంచుమించు 3 కోట్ల 40 లక్షల ఫైళ్ళు మాయమయ్యాయి. 14 పరిశోధక బృందాలు నష్టపోయాయి. వాటిలో 4 బృందాల ఫైళ్ళను తిరిగి తేవడానికి బ్యాకప్ కూడా లేకపోయింది. సరఫరాదారులు బాధ్యత తమదేనని అంగీకరించారు. విశ్వవిద్యాలయం కొంతకాలం బ్యాకప్ పనినే నిలిపివేసింది.

రెండు సంఘటనలలోనూ యంత్రం చెప్పినట్లే చేసింది. ఖాళీ కనబడితే ఆగిపొమ్మని దానికి ఎవరూ చెప్పలేదు, అంతే. చెప్పడం కష్టం కాదు. షెల్లులో నిర్వచించని పేరు ఎదురైతే ఆగిపొమ్మనే ఆజ్ఞ ఒకటి ఉన్నది. అయితే నిర్వచించి ఖాళీగా వదిలిన పేరును అది పట్టుకోదు. కోలన్, దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టి వ్రాసే పద్ధతి రెండింటినీ పట్టుకుంటుంది, పైగా మన సందేశాన్ని కూడా అచ్చువేస్తుంది. డేటాస్టేజ్ సీక్వెన్స్‌లోనైతే తొలి జాబు కంటె ముందే విలువల పొడవును కొలిచి, సున్నా అయితే గొలుసును అక్కడే ముగించే ఏర్పాటు చేయవచ్చు. చాలామంది దీనికి బదులు ఒక అప్రమేయ విలువ పెట్టి ఊరుకుంటారు: తేదీ రాకపోతే ఈ రోజు తేదీ, ఫోల్డరు రాకపోతే తాత్కాలిక ఫోల్డరు. రాత్రి ఫోను రాకుండా ఉండడానికి ఇది మంచి ఉపాయమే. అర్ధరాత్రి దాటిన తరువాత నడిచే జాబుకు ‘ఈ రోజు’ అంటే ఏ రోజు అన్నది మాత్రం వేరే ప్రశ్న. తెలియని పదం తగిలినప్పుడు నిఘంటువు చూడకుండా సందర్భానికి సరిపోయే మాట ఒకటి వేసి సాగిపోయే అనువాదకుని పుస్తకం సాఫీగానే చదివిస్తుంది.

కారణం దొరికాక దిద్దడానికి అయిదు నిమిషాలు చాలు. ఒక పంక్తి చేర్చాలి, ఇంజనును తిరిగి మేల్కొలపాలి, లేదా ఖాళీ పెట్టెలో ప్రోజ్‌డెఫ్ వ్రాయాలి. ఆ తరువాతి పనికే సమయం పడుతుంది. ఖాళీ విలువ మొదట వచ్చినది ఈ రాత్రేనా, నిన్ననా, ఇంజను ఆగి లేచిన ఆదివారం నుంచా? అన్ని రాత్రులలోనూ తుడిచిన పట్టికలు ఏవి? వాటినుంచి తయారై బయటికి వెళ్ళిన ఫైళ్ళు ఏవి, అవి ఎవరి చేతికి చేరాయి? లాగులు ఒక్కొక్కటే తెరిచి, వరుసల సంఖ్య సున్నాగా ఉన్న జాబుల పేర్లన్నీ కాగితం మీద ఎక్కించుకోవాలి. చెల్లింపుల ఫైలు ఆ కాగితంలో ఉంటే, బ్యాంకు తలుపులు తెరవకముందే అవతలివారికి ఫోను చేసి, ఆ ఫైలును వాడవద్దని చెప్పాలి. ఇటు అన్న, అటు తమ్ముడు ఆ జాబితాను చెరిసగం పంచుకొని కూర్చుంటారు.